పులుపుకు లొంగేవి, సోడాకు లొంగేవి

ఇల్లు–వాకిలి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంట్లోనే కలుపుకునే శుభ్రపరిచే ద్రవాల మీద, ఆ సీసాలకు అంటించుకునే చీటీల మీద వచ్చిన ప్రశ్నలను ఈ నెల ఎంచుకున్నాం. ముందుగా ఒక్క సంగతి. వంటింట్లో దొరికే ఈ సరుకు ముఖ్యంగా రెండు జాతులు. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, నిమ్మ ఉప్పు పులుపు జాతి. వంట సోడా, బట్టల సోడా, కట్టెల బూడిద, సబ్బు క్షార జాతి. బోరు నీళ్ల గార, ఇత్తడి చిలుము, తుప్పు పులుపుకు లొంగుతాయి. నూనె జిడ్డు సోడాకు లొంగుతుంది. మాకు వచ్చిన ఫిర్యాదుల్లో చాలావరకు ఈ రెండూ తారుమారైనవే.

ప్రశ్న: వంట సోడా, వెనిగర్ కలిపి స్ప్రే సీసాలో పోసి పెట్టుకున్నాను. కలిపినప్పుడు బాగా పొంగింది గానీ స్టవ్ మీద జిడ్డు కదలడం లేదు. పాళ్లు తప్పాయా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

పాళ్లు కాదండీ, జోడీయే తప్పు. పులుపూ క్షారమూ కలిస్తే ఒకదాని బలాన్ని ఒకటి తినేస్తాయి. ఆ పొంగు బొగ్గుపులుసు వాయువు బయటికి పోతున్న గుర్తు, అంతే. పొంగు ఆగాక సీసాలో మిగిలేది కాస్త సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు. మన కొట్లలో దొరికే వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం సుమారు 4 శాతం ఉంటుంది. ఆ లెక్కన 200 మి.లీ. వెనిగర్‌ను 11 గ్రాముల వంట సోడా, అంటే రెండు టీ స్పూన్లు, పూర్తిగా నీరుగార్చేస్తుంది. పైగా మూత బిగించి ఉంచితే వాయువు ఒత్తిడికి సీసా పగలొచ్చు. ఉన్నదాన్ని పారబోసేయండి.

రెండింటినీ విడివిడిగా వాడితే రెండూ మంచివే. స్టవ్ జిడ్డుకు మూడు స్పూన్ల వంట సోడాలో ఒక స్పూను నీళ్లు పోసి ముద్ద చేసి పూయండి. పావుగంట ఆగి తడి పీచుతో రుద్ది తుడవండి. ఆరాక తెల్లటి పొర కనిపిస్తే అది మిగిలిన సోడా. సగానికి సగం నీళ్లు కలిపిన వెనిగర్‌లో గుడ్డ తడిపి ఒక్కసారి తుడిస్తే పోతుంది.

సింకు తూములో ఈ రెండూ పోసే అలవాటు కూడా చాలామందికి ఉంది. నురగ రావడానికీ అడ్డు తొలగడానికీ సంబంధం లేదు. రెండు లీటర్ల వేడినీళ్లలో రెండు టేబుల్ స్పూన్ల బట్టల సోడా కరిగించి పోస్తే లోపలి జిడ్డు కదులుతుంది. నీళ్లు మరిగి ఉండకూడదు. పీవీసీ గొట్టం మెత్తబడి అతుకుల దగ్గర వదులవుతుంది. చెయ్యి పెట్టలేనంత వేడి చాలు.

ప్రశ్న: హాల్లో కడప బండలు వేయించాం. ఆరు నెలలుగా, పండ్ల తొక్కలు, బెల్లం పులియబెట్టి చేసిన బయో ఎంజైమ్ కలిపిన నీళ్లతో తుడుస్తున్నాం. నల్లటి నునుపు పోయి, బండలు బూడిద రంగుకు తిరిగాయి. మురికి పట్టిందా? ఎలా వదిలించాలి? – ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

అది మురికి కాదు, రాయి తిన్న దెబ్బ. కడప బండ, తాండూరు నాపరాయి, బేతంచెర్ల బండ మూడూ సున్నపురాళ్లే. పాలరాయి కూడా పదార్థం చూస్తే అదే జాతి. పులుపు తగిలితే పై పొర కొంచెం కొంచెంగా కరుగుతుంది. బయో ఎంజైమ్ పేరు వినడానికి సాధువుగా ఉన్నా, పులిసిన రసం కనుక అది పులుపు జాతిలోనిదే. నీళ్లలో పలచగా కలిపినా రోజూ తుడిస్తే నెలల్లో మెరుపు పోతుంది. నిమ్మరసం, వెనిగర్ అయితే ఇంకా తొందరగా. బాత్రూమ్ యాసిడ్ ఒక్క చుక్క చాలు, మచ్చ అక్కడే నిలిచిపోతుంది.

మీ ఇంటి రాయి ఏదో తెలియకపోతే ఎవరి కంటా పడని మూలలో రెండు చుక్కల నిమ్మరసం వేసి పది నిమిషాలు ఆగి తుడవండి. సన్నటి బుడగలు వచ్చినా, చుక్క పడిన చోట మెరుపు తగ్గినా అది సున్నపురాయి. గ్రానైట్ అయితే ఏమీ కాదు.

ఇక నుంచి 5 లీటర్ల బకెట్‌కు ఒక టీ స్పూను గిన్నెల లిక్విడ్ గానీ, 100 మి.లీ. కుంకుడు రసం గానీ కలిపి తుడవండి. ఆ తర్వాత ఒకసారి మంచినీళ్ల గుడ్డ పెట్టండి. పోయిన మెరుపు ఏ ద్రవంతోనూ తిరిగి రాదు, పాలిష్ మిషన్ పెట్టించాల్సిందే. కొబ్బరి నూనె రాస్తే రెండు రోజులు నల్లగా కనిపించే మాట నిజమే. మూడో రోజు నుంచి దుమ్మంతా దానికే అంటుకుంటుంది, కాలు జారుతుంది. పెద్దవాళ్లు తిరిగే ఇంట్లో అసలే వద్దు.

ప్రశ్న: మాది టైల్స్ ఇల్లు కాబట్టి బయో ఎంజైమ్ వాడుకోవచ్చు కదా. రెండుసార్లు చేస్తే ఒకసారి బూజు పట్టింది, రెండోసారి నేలంతా జిగురై చీమలు పట్టాయి. సరైన పద్ధతి చెప్పండి. – ఒక పాఠకురాలు, నల్గొండ

బత్తాయి తోటల జిల్లాలో ఉన్నారు, తొక్కలకు కొదవ లేదు. జ్యూస్ బండి వాళ్లను అడిగితే సంచెడు ఊరికే ఇస్తారు. పాళ్లు: బెల్లం 1 వంతు, తొక్కలు 3 వంతులు, నీళ్లు 10 వంతులు. 100 గ్రాముల బెల్లం, 300 గ్రాముల బత్తాయి, నారింజ లేదా నిమ్మ తొక్కలు, 1 లీటరు నీళ్లు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా తీసుకోండి. పైన మూడో వంతు ఖాళీ ఉండాలి. గాజు సీసా వద్దు, మొదటి నెల వచ్చే వాయువుకు పగిలే ప్రమాదం ఉంది.

బెల్లం కరిగాక తొక్కలు వేసి మూత పెట్టండి. మొదటి నెల రోజూ ఒకసారి మూత వదులు చేసి గాలి పోనిచ్చి, మళ్లీ బిగించి, సీసాను ఒకసారి తిప్పి పెట్టాలి. రెండో నెల వారానికోసారి చాలు. మొత్తం 90 రోజులు. అర టీ స్పూను ఈస్ట్ వేస్తే పని సుమారు సగం రోజుల్లో అవుతుంది. ఎండ తగలని చోట పెట్టండి.

మీకు బూజు పట్టింది తొక్కలు నీళ్లపైన తేలి ఉన్నందువల్ల. గాలి తగిలే తొక్క మీదే నల్ల బూజు, పచ్చ బూజు లేస్తాయి. రోజూ తిప్పేది అందుకే. పైన పలచటి తెల్లటి పొర కడితే కంగారు పడకండి, అది మంచిదే. నల్లగా మారి కుళ్లు కంపు వస్తే మాత్రం పారబోయాలి. తొక్కలకు నూనె, ఉప్పు, ఉడికిన అన్నం తగిలినా చెడుతుంది.

చీమల సంగతికొస్తే, మీరు గడువుకు ముందే వడకట్టి ఉంటారు. బెల్లంలోని తీపి పూర్తిగా పులియకపోతే ఆ తీపి నీళ్లతోనే నేల తుడిచినట్టు. రుచి చూడనక్కర్లేదు, వాసనే చెబుతుంది: పుల్లటి వాసన వస్తే తయారైనట్టు, సారా వాసన వస్తే ఇంకా కొన్ని వారాలు పడుతుంది. తయారయ్యాక పలచటి గుడ్డలో వడకట్టి బకెట్ నీళ్లకు 50 మి.లీ. చొప్పున కలపండి. బాత్రూమ్ టైల్స్ మీద నేరుగా పోసి పది నిమిషాల తర్వాత రుద్దొచ్చు.

ఇది క్రిములను చంపే మందు కాదు. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయినప్పుడు దీన్ని నమ్ముకోకండి. అప్పుడు బ్లీచ్ కావాలి. దాని గురించి కింద.

ప్రశ్న: కుంకుడు రసం కాచి పెట్టుకుంటే రెండు రోజులకే పులిసి వాసన వస్తోంది. – ఒక పాఠకుడు, విజయనగరం

అందులో చక్కెరలు ఉంటాయి కనుక మన ఎండలకు పులవక మానదు. గింజ తీసిన తొక్కలు 50 గ్రాములు ఒక లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున సన్న సెగ మీద 20 నిమిషాలు కాచండి. నురగ పొంగుతుంది, గిన్నె సగానికి మించి నింపొద్దు. చల్లారాక పిసికి వడకట్టి, అర టీ స్పూను నిమ్మ ఉప్పు కలిపి ఫ్రిజ్‌లో పెడితే పది రోజులు తేలిగ్గా ఆగుతుంది. ఐస్ ట్రేలో గడ్డ కట్టించుకుని పనికి రెండు ముక్కలు తీసుకుంటే ఇంకా మేలు. కానీ కడప బండల మీద వాడే రసంలో నిమ్మ ఉప్పు కలపకూడదు.

పట్టుచీరలకు, ఉన్నికి, బంగారు నగలకు దీన్ని మించింది లేదు. మాడిన మూకుడు దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది. కంట్లో పడితే మంట ఎంతో చిన్నప్పుడు తలంటు పోయించుకున్న ప్రతివారికీ తెలుసు. చేపలకు ఇది విషం. మిగిలిన నీళ్లు తామర తొట్టిలోనో, చెరువులోనో పోయకండి.

ప్రశ్న: ఇత్తడి పూజ సామాను చింతపండుతో తోమిన మర్నాడే మచ్చలు పడుతున్నాయి. కొన్ని ఎర్రగా కూడా మారాయి. – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

పులుపు సామాను మీదే ఉండిపోతోంది. నిమ్మకాయంత చింతపండు అర గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో పావుగంట నానబెట్టి, టీ స్పూను ఉప్పు కలిపి ఆ గుజ్జుతో రెండు నిమిషాలు రుద్దండి. అంతే, నానబెట్టొద్దు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. పులుపులో ఎక్కువసేపు ఉంచితే జింకు కరిగిపోయి పైన రాగి మిగులుతుంది. మీరు చూసిన ఎరుపు అదే. తోమాక నీళ్లతో కడిగి వదిలేయకుండా, సబ్బు నీళ్లతో మరోసారి కడగండి. క్షారం తగిలి సందుల్లో మిగిలిన పులుపు చస్తుంది. వెంటనే పొడి గుడ్డతో తుడిచి పది నిమిషాలు ఎండలో పెట్టండి. దీపపు కుందుల్లో నూనె జిడ్డు ఉంటే ముందు సోడా నీళ్లతో అది వదిలించాకే చింతపండు. జిడ్డు పొర మీద పులుపు పనిచేయదు.

కళాయి పోసిన గిన్నెల లోపల చింతపండు, ముతక పీచు రెండూ పనికిరావు, కళాయి అరిగిపోతుంది. మెత్తటి గుడ్డ, సబ్బు చాలు.

ప్రశ్న: చిమ్నీ జాలీలను బట్టల సోడా నీళ్లలో నానబెడితే నల్లబడ్డాయి. – ఒక పాఠకుడు, హైదరాబాద్

అవి అల్యూమినియం జాలీలై ఉంటాయి. బట్టల సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. స్టీలు ఫిల్టర్లకైతే 5 లీటర్ల వేడినీళ్లకు 100 గ్రాముల బట్టల సోడా సరైన మోతాదు. అరగంట నానబెట్టి బ్రష్‌తో రుద్దాలి. చేతులకు రబ్బరు తొడుగులు తప్పవు. అల్యూమినియానికి వేడినీళ్లు, గిన్నెల లిక్విడ్ మాత్రమే.

ప్రశ్న: ఇక్కడ బల్ల మీద పరిచే తెల్ల గుడ్డకు పులుసు ఒలికింది. సబ్బు పెట్టగానే పసుపు మరక కాస్తా ఎర్రగా అయింది. గుడ్డ పాడైనట్టేనా? – ఒక పాఠకురాలు, డాలస్

పాడవలేదు. పసుపుకు సున్నం తగిలితే పారాణి అయినట్టే, సబ్బులోని క్షారం తగిలి ఎర్రబడింది. నాలుగు చుక్కల వెనిగర్ కలిపిన నీళ్లలో ముంచితే మళ్లీ పసుపుకు తిరుగుతుంది. పసుపు రంగు నిలబడలేనిది వెలుతురు ముందే. గిన్నెల లిక్విడ్‌తో నూనె వదిలించి, తడిగానే ఎండలో ఆరేయండి. ఒకటి రెండు ఎండలకు చాలావరకు మాయమవుతుంది. మీ దగ్గర మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ మరక మీద అరగంట ఉంచి కడిగి ఆరేస్తే ఇంకా తొందరగా పోతుంది. అది తెల్ల నూలు గుడ్డకే. రంగు బట్టకైతే ముందు అంచు మీద పరీక్షించుకోవాలి. మరక ఉండగా డ్రైయర్‌లో వేయొద్దు, వేడికి గట్టిగా పట్టేస్తుంది.

ప్రశ్న: బ్లీచ్‌ను ఎంత నీళ్లలో కలపాలి? యాసిడ్‌తో కలిపితే బాత్రూమ్ ఇంకా బాగా వస్తుందంటున్నారు. – ఒక పాఠకుడు, వరంగల్

ఆ మాట చెప్పినవారికి ఈ పేజీ చూపించండి. బ్లీచ్‌లో యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు లేస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది ప్రాణం తీయగలదు. వెనిగర్, నిమ్మరసం, బయో ఎంజైమ్ కలిపినా అదే జరుగుతుంది. అమోనియా ఉన్న అద్దాల ద్రవంతోనూ కలపకూడదు, అక్కడ పుట్టేది వేరే విషవాయువు. ఒకే రోజు రెండూ వాడాల్సి వస్తే మధ్యలో రెండు బకెట్ల నీళ్లు కొట్టి కడగాలి.

మోతాదు: సీసా మీద సోడియం హైపోక్లోరైట్ 4 శాతం అని ఉంటే లీటరు నీళ్లకు 25 మి.లీ. ముందు సబ్బుతో మురికి కడిగి, తర్వాత ఇది పోసి పది నిమిషాలు ఉంచి, నీళ్లతో కడగండి. మురికి మీదే పోస్తే బలమంతా మురికితోనే ఖర్చయిపోతుంది. చల్లటి నీళ్లలోనే, ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. నిలవ ఉంటే పస పోతుంది.

పొరపాటున వాయువు లేస్తే ఏదీ కడగబోకుండా, ఏదీ తీయబోకుండా ముందు బయటికి వచ్చేయండి. తలుపులు, కిటికీలు తెరిచి ఉంచండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. కంట్లో పడితే కుళాయి ధార కింద పావుగంటకు తగ్గకుండా కడగాలి. ఎవరైనా తాగితే వాంతి చేయించే ప్రయత్నం చేయొద్దు, సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: సీసాలకు తెలుగులో చీటీలు ప్రింట్ చేద్దామని తయారు చేశాను. జిరాక్స్ సెంటర్‌లో తెరిస్తే అక్షరాలన్నీ గళ్లు గళ్లుగా వచ్చాయి. ఇంటి ప్రింటర్‌లో తీస్తే తడికి సిరా కారిపోయింది. సైజు కూడా తగ్గింది. – ఒక పాఠకురాలు, నెల్లూరు

మూడింటికీ మూడు కారణాలు.

మీరు వర్డ్ ఫైలే పట్టుకెళ్లారు. మీ కంప్యూటర్‌లో ఉన్న తెలుగు ఫాంట్ వాళ్ల దగ్గర లేకపోతే గళ్లే వస్తాయి. అను వంటి పాత ఫాంట్లలో కొట్టినదైతే పిచ్చి అక్షరాలు వస్తాయి. యూనికోడ్ ఫాంట్‌లో టైపు చేసి, ఇంటి దగ్గరే పీడీఎఫ్‌గా మార్చి పట్టుకెళ్లండి. ఫాంట్ అందులోనే ఇమిడి ఉంటుంది. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకు రామభద్ర, లోపలి మాటలకు మండలి బాగుంటాయి. వరుసల మధ్య ఎడం కాస్త ఎక్కువ పెట్టండి. ఇంగ్లిష్‌కు సరిపోయే ఎడంలో మన ఒత్తులు కింది వరుసను తాకుతాయి, టెక్స్ట్ బాక్సులో పెట్టిన అక్షరాలకైతే ఒత్తులు తెగిపోతాయి.

సైజు తగ్గింది ప్రింట్ చేసేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ ఉన్నందువల్ల. ‘యాక్చువల్ సైజ్’ లేదా 100 శాతం ఎంచుకోండి. పేజీ అడుగున సరిగ్గా 5 సెంటీమీటర్ల గీత ఒకటి గీసి పెట్టుకుని, ముందు మామూలు కాగితం మీద తీసి స్కేలుతో కొలిస్తే స్టిక్కర్ షీటు వృథా కాదు. సీసా చుట్టుకొలతను దారంతో తీసుకోండి. చుట్టూ తిరిగే చీటీ అయితే దానికి ఒక సెంటీమీటరు కలపాలి. ముందువైపు మాత్రమే అంటించేదైతే ఏ4 కాగితాన్ని అడ్డంగా రెండు, నిలువుగా నాలుగు భాగాలు చేయండి. ఒక్కోటి 105 x 74 మిల్లీమీటర్లు, మొత్తం ఎనిమిది. ప్రింటర్ కాగితం అంచు దాకా అచ్చు వేయలేదు కనుక ప్రతి గడిలో చుట్టూ 5 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి.

సిరా కారడానికి కారణం ఇంక్‌జెట్. లేజర్ ప్రింటు, జిరాక్స్ కాపీ పొడి టోనర్‌తో వస్తాయి, తడికి కారవు. ఇంట్లోనే తీయాలంటే చీటీ ఎత్తు 40 మిల్లీమీటర్లు ఉంచి, పైన 48 మిల్లీమీటర్ల పారదర్శక ప్యాకింగ్ టేపు సీసా చుట్టూ ఒక పూర్తి చుట్టు వేయండి. పైనా కిందా నాలుగేసి మిల్లీమీటర్లు టేపు నేరుగా సీసాకే అంటి, తడి లోపలికి పోనివ్వదు. సీసాను ముందు సబ్బుతో కడిగి బాగా ఆరనివ్వాలి. జిడ్డు మీద ఏదీ నిలవదు.

చీటీ మీద ఏం రాయాలో మీరు అడగలేదు గానీ మాకు అదే ముఖ్యం. ఒక నమూనా:

నిమ్మ ఉప్పు నీళ్లు
1 లీటరు నీళ్లు + 50 గ్రాముల నిమ్మ ఉప్పు
కుళాయిల మీద గారకు: గుడ్డ తడిపి చుట్టి 20 నిమిషాలు
కడప బండ, పాలరాయి మీద వద్దు
బ్లీచ్‌తో కలపరాదు. తాగరాదు
కలిపిన తేదీ:

తేదీ దగ్గర ఖాళీ వదిలి, టేపు మీద మార్కర్‌తో రాయండి. శానిటైజర్ అద్దిన దూదితో చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. పులుపు సీసాలకు పసుపు అంచు, సోడా సీసాలకు నీలం అంచు, బ్లీచ్‌కు ఎర్ర అంచు పెట్టండి. ఇంట్లో పనికి వచ్చే ఆమెకు చదువు రాకపోయినా పసుపూ ఎరుపూ కలపకూడదని ఒక్కసారి చెబితే గుర్తుంటుంది. ఏ ద్రవాన్నీ కూల్‌డ్రింకు సీసాలో, మంచినీళ్ల సీసాలో పోయకండి. దాహంతో వచ్చిన పిల్లవాడు చీటీ చదవడు, సీసా ఆకారం చూసే ఎత్తుకుంటాడు.

ప్రశ్న: ఏ పని ఎన్ని రోజులకోసారి చేయాలో ఫ్రిజ్ మీద పెట్టుకునే పట్టిక ఎలా తయారు చేసుకోవాలి? – ఒక పాఠకుడు, అనంతపురం

ఒక్క ఏ4 చాలు, అడ్డంగా తిప్పండి. ఎడమవైపు పనులు, పైన వారాలు. పన్నెండు పనులకు మించితే ఎవరూ చూడరు. స్టవ్, సింకు లాంటివి రోజూ చేసేవి, వాటిని రాయకండి. మరిచిపోయేవే రాయండి: చిమ్నీ ఫిల్టరు 15 రోజులకు, కుళాయిల గార నెలకు, ఫ్రిజ్ రబ్బరు అంచు నెలకు, ఎలక్ట్రిక్ కెటిల్ నెలకు (లీటరు నీళ్లలో టేబుల్ స్పూను నిమ్మ ఉప్పు వేసి మరిగించి, 20 నిమిషాల తర్వాత పారబోసి, రెండుసార్లు కడగాలి), నీళ్ల ట్యాంకు ఆరు నెలలకు. ప్రతి పని పక్కన ఏ రంగు సీసా వాడాలో చిన్న చుక్క పెట్టండి. లామినేషన్ చేయించి మూలలు గుండ్రంగా కత్తిరించండి, లేకపోతే గుచ్చుకుంటాయి. వైట్‌బోర్డు మార్కర్‌తో టిక్కు పెట్టి నెలాఖరుకు పొడి గుడ్డతో తుడిచేయొచ్చు. వెనక నాలుగు మూలలా అయస్కాంతం ముక్కలు అంటించుకోండి. టేపుతో అతికిస్తే తీసేటప్పుడు ఫ్రిజ్ మీద జిగురు మిగులుతుంది. అది మిగిలితే నాలుగు చుక్కల కొబ్బరి నూనె రాసి పది నిమిషాల తర్వాత సబ్బు నీళ్లతో తుడవండి.